ఉపాధి మిషనుతో పాటు రక్షణ కూడా ఇద్దాం

అన్సార్‌లలో ఒక పేదవాడు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి సహాయం అడిగిన సంఘటన మనలో చాలామంది జుమా ప్రసంగాల్లో విన్నదే. అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సునన్ అబూ దావూద్‌లో ఉంది. ఇంట్లో ఏముందని ప్రవక్త (స) అడిగితే, కొంత కప్పుకుని కొంత పరుచుకునే ఒక దుప్పటి, నీళ్ళు తాగే ఒక గిన్నె ఉన్నాయని అతను చెప్పాడు. ఆ రెండూ తెప్పించి, అక్కడున్నవారి ముందు వేలం వేసి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హంతో ఇంటికి తిండిగింజలు, రెండో దిర్హంతో గొడ్డలి కొనమన్నారు. అతను గొడ్డలి తెచ్చాక ప్రవక్త (స) తమ చేతులతోనే దానికి పిడి బిగించి ఇచ్చారు. కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల దాకా తనకు కనబడవద్దని చెప్పి పంపారు. అతను పది దిర్హములు సంపాదించుకుని తిరిగి వచ్చాడు.

యాచన వద్దు, కష్టపడి బతకాలి అని చెప్పడానికి ఈ హదీసును మనం తరచుగా గుర్తు చేసుకుంటాం. ఉపాధి పరికరాలు పంచే మనలాంటి సొసైటీలకు ఇందులో మరో పాఠం కూడా ఉంది. పిడి లేని గొడ్డలి సగం పనిముట్టు. పిడి వదులుగా ఉన్న గొడ్డలి అంతకంటే ప్రమాదం. దెబ్బ వేసినప్పుడు ఊడి, కొట్టేవాని కాలి మీదో పక్కవాని మీదో పడుతుంది. ఆ పేదవాని చేతికి అందింది పనికి సిద్ధంగా ఉన్న పనిముట్టు. నేడు మనం ఇచ్చేది గొడ్డలి కాదు, గ్రైండరు, డ్రిల్లింగ్ మిషను, మార్బుల్ కట్టరు. వాటికి పిడి బిగించడం అంటే ఏమిటో దాతలందరికీ తెలియాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మన తీరంలో ఈ మిషన్ల పని

కావలి నుండి కోట, వాకాడు దాకా మన తీరం వెంట ఒకసారి చూడండి. జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరు, కృష్ణపట్నం పోర్టు, వాటి చుట్టూ వెల్డింగ్ షాపులు, ఫ్యాబ్రికేషన్ పనులు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలు, వాటి ఏరేటర్లకు ఎప్పుడూ రిపేర్లు. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక గేట్లు, గ్రిల్స్, పడవల ఇనుప భాగాలు తరచుగా గీకి రంగు వేయాలి. ఫైబర్ పడవలకు అతుకులు వేసి నున్నగా రుద్దాలి. కొత్త ఇళ్ళకు టైల్స్, గ్రానైట్ కోయాలి. పడమటి వైపు ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసే మన కుటుంబాలు ఉన్నాయి. ఆ కళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పదో తరగతితో చదువు ఆపేసిన పిల్లలు ఎక్కువగా చేరేది ఇలాంటి పనుల్లోనే. బడి దారిలో వాళ్ళు ఎదురుపడి సలాం చెప్పినప్పుడు, ఉపాధ్యాయుడిగా నా చూపు ముందు వాళ్ళ చేతుల మీదికి, కళ్ళ మీదికి పోతుంది. నిప్పురవ్వలు తగిలిన మచ్చలు, ఎర్రబడిన కళ్ళు మామూలు. వాళ్ళు పని నేర్చుకున్నది పక్కన నిలబడి చూసి. నేర్పిన మేస్త్రీ కూడా అలాగే నేర్చుకున్నాడు. గార్డు లేని మిషను పట్టిన మేస్త్రీని చూసి నేర్చుకున్న కుర్రాడు, మిషనుకు గార్డు ఉండదనే అనుకుంటాడు.

ఒక చిన్న లెక్క

మన కుర్రవాళ్ళు గ్రైండరు అనేది యాంగిల్ గ్రైండరును. 1954లో జర్మనీలో ఒక కంపెనీ దీన్ని మొదట తయారుచేసింది. చేతిలో ఇమిడే మోటారు, తలభాగంలో అడ్డంగా తిరిగే డిస్కు. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేది 4 అంగుళాల గ్రైండరు, అంటే 100 మిల్లీమీటర్ల డిస్కు పట్టేది. ఇది నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది.

డిస్కు అంచు ఎంత వేగంతో పోతున్నదో ఎనిమిదో తరగతి పిల్లలు కూడా లెక్క కట్టగలరు. 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డిస్కు చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లు. 11,000 చుట్లకు నిమిషంలో దాదాపు 3,454 మీటర్లు. గంటకు 207 కిలోమీటర్లు. నెల్లూరు మీదుగా పోయే వందే భారత్ రైలు కూడా అంత వేగంగా పోదు. ఆ వేగంతో తిరిగే డిస్కు పగిలితే ముక్క ఎగిరేది కూడా దాదాపు అదే వేగంతో. పని చేసేవాని ముఖానికీ డిస్కుకూ మధ్య దూరం రెండు అడుగులు కూడా ఉండదు. తప్పుకుందాం అనుకునేంత సమయం మనిషికి దొరకదు. కనుక రక్షణ అంతా స్విచ్ వేయకముందే జరిగిపోవాలి.

డిస్కు ఎంపిక

మంచి డిస్కుల మీద గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది. ఇనుము కోసే మామూలు డిస్కులకు ఇది సెకనుకు 80 మీటర్లు, అంటే గంటకు 288 కిలోమీటర్లు. 4 అంగుళాల డిస్కు 4 అంగుళాల మిషనులో తిరిగితే ఈ హద్దు లోపలే ఉంటుంది. అదే మిషనుకు గార్డు పీకేసి ఎలాగో 7 అంగుళాల డిస్కు బిగిస్తే? చుట్టుకొలత 56 సెంటీమీటర్లు దాటుతుంది, అంచు వేగం గంటకు 370 కిలోమీటర్లు దాటుతుంది. డిస్కు తట్టుకోగలిగిన హద్దు ఎప్పుడో దాటిపోయింది. 5 అంగుళాల డిస్కుతో ఇబ్బంది వేరు. దాని మధ్య రంధ్రం 22 మిల్లీమీటర్లు, 4 అంగుళాల డిస్కుది 16. వాషరు పెట్టి సర్దితే డిస్కు సరిగ్గా నడిమధ్యన కూర్చోదు, వణుకుతూ తిరుగుతుంది. పైగా గార్డు తీస్తేగాని అది పట్టదు. అందుకే ఏ మిషనుకు ఆ సైజు డిస్కే.

ఇనుము కోసే పలచని డిస్కు, రుద్దే మందపు డిస్కు వేరువేరు. కోసే డిస్కు అంచుతో మాత్రమే పని చేయాలి. దాన్ని పక్కకు వాల్చి రుద్దితే అది వంగి, పగిలి ముక్కలవుతుంది. ఒక డిస్కుతోనే రెండు పనులూ కానిచ్చి పది రూపాయలు మిగిల్చే అలవాటు చాలా షాపుల్లో ఉంది.

అన్నిటికంటే ప్రమాదం, గ్రైండరుకు చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించడం. ఆ పళ్ళు చెక్కలో పట్టుకున్నాయంటే మిషను ఒక్కసారిగా వెనక్కి తన్నుతుంది. గ్రైండరు స్విచ్ చాలా మిషన్లలో ముందుకు తోస్తే అలాగే ఉండిపోతుంది. చేయి జారినా మిషను ఆగదు. తన్నిన మిషను తిరుగుతూనే తొడ మీదికో, పొట్ట మీదికో, మెడ మీదికో వస్తుంది. చెక్క కోతకు రంపం మిషను వేరే ఉంది. వడ్రంగి పని చేసే కుర్రవానికి మనం సాయం చేయదలిస్తే అదే ఇవ్వాలి.

తీరంలో ఉన్నవారు మరొకటి గమనించాలి. ఈ డిస్కులు ఇసుకలాంటి గరుకు పలుకులను రెసిన్‌తో అతికించి చేసినవి. తేమ తగిలితే ఆ అతుకు బలం తగ్గుతుంది. వానలో, గుంట గట్టు మీద, పడవలో పడేసిన డిస్కులు పైకి బాగానే కనబడినా లోపల నీరసించి ఉంటాయి. మంచి కంపెనీల డిస్కుల మధ్యన ఉండే లోహపు రింగు మీద గడువు నెల, సంవత్సరం ముద్రిస్తారు. మందు సీసా మీద తేదీ చూసినట్టే దాన్నీ చూడాలి. కింద పడిన డిస్కు, అంచు ఊడిన డిస్కు, గీత కనబడిన డిస్కు వాడకూడదు. కొత్త డిస్కు బిగించాక దాన్ని మనుషులు లేని వైపు తిప్పి ఒక నిమిషం ఊరికే తిప్పి చూడాలి. పగలవలసిందైతే అప్పుడే పగులుతుంది.

తుప్పు గీకే వైర్ బ్రష్‌కు కూడా ఇదే మాట. దాని మీద రాసిన వేగం మిషను వేగం కంటే ఎక్కువ ఉండాలి. పాతబడిన బ్రష్ నుండి తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి.

గార్డు, పిడి, నిలబడే తీరు

డిస్కు చుట్టూ సగం మేర ఉండే ఇనుప కవచమే గార్డు. డిస్కు పగిలితే ముక్కలు మనిషి వైపు రాకుండా ఆపేది అదొక్కటే. పని మూలకు పోవడం లేదనో, కనబడటం లేదనో మొదట తీసేసేదీ దాన్నే. గార్డు తీయనవసరం లేదు, తిప్పుకోవచ్చు. పనికి తగినట్టు తిప్పి, మూసిన వైపు తన వైపు ఉండేలా బిగించుకోవాలి.

పక్క పిడి కూడా తప్పనిసరి. గ్రైండరును రెండు చేతులతో పట్టాలి. ఒక చేత్తో ఇనుప ముక్క, ఇంకో చేత్తో గ్రైండరు పట్టే అలవాటు వేళ్ళు పోగొడుతుంది. ముక్కను వైస్‌లోనో, క్లాంపుతోనో బిగించాలి. కోత పూర్తయ్యేటప్పుడు రెండు ముక్కలూ లోపలికి వాలి డిస్కును నొక్కకుండా, విడిపోయే వైపు తెరుచుకునేలా ఆనించాలి. మిషను వెనక్కి తన్నడానికి ముఖ్య కారణం డిస్కు ఇలా ఇరుక్కోవడమే. డిస్కు తిరిగే గీతకు ఎదురుగా నిలబడకూడదు, కొంచెం పక్కకు జరిగి నిలబడాలి. పక్కన చూస్తూ నిలబడే చిన్న పిల్లలకూ ఆ గీతలో చోటు లేదు.

డిస్కు మార్చేముందు ప్లగ్ తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు. స్విచ్ ఆపాక కూడా డిస్కు కొన్ని సెకన్లు తిరుగుతుంది, పూర్తిగా ఆగేదాకా కింద పెట్టకూడదు. మన ఊళ్ళలో ఇంకో సంగతి ఉంది. పని మధ్యలో కరెంటు పోతుంది. కుర్రవాడు మిషను నేల మీద పెట్టి టీకి పోతాడు. స్విచ్ ముందుకు తోసి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కరెంటు రాగానే మిషను తనంతట తాను తిరిగి నేల మీద దొర్లుతుంది. కరెంటు పోగానే స్విచ్ వెనక్కి లాగాలి. ఈ ఒక్క అలవాటు నేర్పడానికి ఒక నిమిషం చాలు.

డ్రిల్లింగ్ మిషను

డ్రిల్లు గ్రైండరు కంటే నిదానంగా తిరుగుతుంది కనుక దానికి భయపడరు. దాని ప్రమాదం వేగంలో కాదు, మెలిపెట్టే బలంలో ఉంది. బిట్టు గోడలోని ఇనుప చువ్వకు తగిలి బిగుసుకుపోతే మిషను తిరగడం మొదలుపెడుతుంది, దానితో పాటు మణికట్టు మెలికపడుతుంది. పెద్ద డ్రిల్లుకు పక్క పిడి అందుకే. పలచని రేకుకు చిల్లు వేసేటప్పుడు రేకును చేత్తో పడితే, బిట్టు పట్టుకున్న క్షణంలో రేకు కత్తిలా తిరిగి చేతిని కోస్తుంది. రేకును చెక్కకు బిగించి చిల్లు వేయాలి. చక్ తాళం తీశాకే స్విచ్ వేయాలి. గోడకు చిల్లు వేసేముందు స్విచ్ బోర్డుకు నిలువుగా పైనా కిందా వైర్లు ఉంటాయని గుర్తుంచుకోవాలి.

చేతి తొడుగుల విషయంలో చాలామందికి తికమక ఉంది. గ్రైండరుకు చేతికి బిగుతుగా అంటిపెట్టుకునే తోలు తొడుగులు మంచివి. డ్రిల్లుకు తొడుగులు వద్దు. తిరిగే బిట్టు నూలు తొడుగును చుట్టుకుంటే వేలు కూడా దానితో పోతుంది.

తడి నేల, కరెంటు

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. రొయ్యల గుంట గట్టు మీద, బోటు పక్కన, కాళ్ళు తడిగా ఉండి, ఉప్పునీరు తగిలిన వైరుతో పని చేసేవానికి అది ప్రాణాంతకం. మిషను కొనేటప్పుడు దాని మీది పట్టీలో చతురస్రం లోపల చతురస్రం గుర్తు ఉందేమో చూడాలి. లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని దాని అర్థం. అలాగని తడిలో వాడవచ్చని కాదు.

వైరు తెగితే టేపు చుట్టి సరిపెట్టడం, ప్లగ్ లేకుండా రెండు తీగలు సాకెట్టులో గుచ్చడం మానాలి. వీటికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి ఉండాలి. కరెంటు పోయే దారి తప్పి మనిషి శరీరం గుండా నేలలోకి దిగుతున్నదని తెలియగానే, రెప్పపాటులో అది సరఫరా ఆపేస్తుంది. ఇంట్లో ఉండే మామూలు ఎంసీబీ ఈ పని చేయదు. అది వైర్లు కాలకుండా కాపాడుతుంది, మనిషిని కాదు.

దుమ్ము, నిప్పు

టైల్స్, గ్రానైట్, కాంక్రీటు కోసినప్పుడు లేచే తెల్లటి దుమ్ములో సిలికా ఉంటుంది. మన తీరంలో చిల్లకూరు, కోట ప్రాంతాల ఇసుకకు పేరు తెచ్చింది కూడా సిలికాయే. ఇసుకగా నేల మీద ఉంటే హాని లేదు. కంటికి కనబడనంత సన్నని దుమ్ముగా ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే నిలిచి, ఏళ్ళ తరబడి మచ్చలు కట్టి, ఊపిరి అందకుండా చేస్తుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. ఊపిరితిత్తులు ఒకసారి అలా గట్టిపడితే వాటిని మళ్ళీ మామూలుగా చేసే మందు లేదు. సిలికా దుమ్మును, చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

ముక్కుకు కట్టుకునే చేతి రుమాలు ఈ సన్నని దుమ్మును ఆపదు. ముఖానికి అంటుకునే ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు కావాలి. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు కానీ, మామూలు మార్బుల్ కట్టరు మీద చెంబుతో నీళ్ళు పోస్తే షాకు కొడుతుంది. నీటి గొట్టం అమర్చుకునే ఏర్పాటు ఉన్న కట్టరు, దానికి ఆర్‌సీసీబీ, ఈ రెండూ కలిసి ఉంటేనే తడి కోత. ఫైబర్ పడవను రుద్దేటప్పుడు లేచే గాజు పొడికి కూడా మాస్కు, నిండు చేతుల చొక్కా అవసరం.

గ్రైండరు నిప్పురవ్వలు కొన్ని మీటర్ల దూరం పోతాయి. ఫైబర్ పని జరిగే చోట రెసిన్, హార్డనర్, థిన్నర్ డబ్బాలు పక్కనే ఉంటాయి. పడవల దగ్గర డీజిల్ డబ్బాలు ఉంటాయి. ముందు వాటిని దూరం జరిపి, ఒక బకెట్ ఇసుక పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఖాళీ డీజిల్ డ్రమ్మునో, పెయింటు డ్రమ్మునో గ్రైండరుతో కోయకూడదు. లోపల ఏమీ లేదు కదా అనుకుంటారు. ఏమీ లేదనుకున్న చోటే ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. ఒక్క రవ్వ చాలు, డ్రమ్ము బాంబులా పేలుతుంది.

బట్టలు, కళ్ళు, చెవులు

లుంగీ, వదులు చేతుల కుర్తా, మెడలో తువాలు మిషను దగ్గర వద్దు. తిరిగే డిస్కు గుడ్డ కొసను పట్టుకుంటే మిషను మనిషి మీదికే ఎక్కుతుంది. చిన్న మిషన్లతో చెక్క నున్నచేసే పనిలో ఉన్న మన అక్కచెల్లెళ్ళు హిజాబ్ కొసలు, దుపట్టా లోపలికి దోపి, పిన్ను పెట్టుకుని, చేతులు మణికట్టు దగ్గర బిగుతుగా ఉన్న బట్టలు వేసుకోవాలి. చెప్పులు చాలవు, మూసిన బూట్లు కావాలి.

కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని పని చేసేవారిని చూస్తుంటాం. ఎండకు పెట్టుకునే అద్దాలు పగిలి అవే కంట్లో గుచ్చుకోవచ్చు. పక్కల నుండి కూడా మూసి ఉండే పాలీకార్బొనేట్ సేఫ్టీ గాగుల్స్ వాడాలి. కోత పనికి వాటి మీద ముఖం మొత్తం కప్పే షీల్డు కూడా ఉంటే మంచిది. చూపు అద్దాలు ఉన్నవారికి వాటి మీదుగా పట్టే గాగుల్స్ దొరుకుతాయి. గ్రైండరు శబ్దం రోజంతా వింటే వినికిడి మెల్లగా తగ్గుతుంది. చెవిలో పెట్టుకునే ప్లగ్‌ల ఖర్చు లెక్కలోకి కూడా రాదు.

ప్రమాదం జరిగితే

కంట్లో రవ్వ పడితే నలపకూడదు. పక్కవాడు దారంతోనో, గుడ్డ కొసతోనో, పిన్నుతోనో తీయబోతే ఒప్పుకోకూడదు. శుభ్రమైన నీటితో కడిగి, పోకపోతే అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. ఇనుప రవ్వ కంటిపొరలో ఉండిపోతే చుట్టూ తుప్పు మచ్చ కడుతుంది. వేగంగా వచ్చిన ముక్క కంటి లోపలికి దూరితే ఒక్కోసారి నొప్పి కూడా తక్కువగానే ఉంటుంది. అలాంటి కంటిని కడగకూడదు, నొక్కకూడదు. పైన కాగితం కప్పు బోర్లించి టేపుతో అతికించి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తెగిన గాయం మీద పసుపు, కాఫీపొడి, కిరోసిన్ వేయవద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చేయి పైకెత్తి, 108కి ఫోను చేయాలి. వేలు పూర్తిగా తెగిపోతే తెగిన వేలును తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని మంచు మీద పెట్టి రోగితో పాటే పంపాలి. వేలును నేరుగా మంచులో, నీళ్ళలో వేస్తే పాడైపోతుంది. మన తీరంలో చేపలకు, రొయ్యలకు మంచు ఎక్కడైనా దొరుకుతుంది. ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే ఆ మంచే ఒక వేలును నిలబెట్టవచ్చు.

షాకు కొట్టినవాణ్ణి ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే ఎండిన కర్రతో వైరును తప్పించాలి.

దాతలుగా మనం చేయగలిగింది

వృత్తి తెలిసిన పేదవానికి పనిముట్లు కొనుక్కునేంత జకాత్ ఇవ్వవచ్చని షాఫిఈ ఫఖీహ్‌లలో ఇమామ్ నవవీ వంటివారు రాశారు. మన మధ్యనున్న వివిధ మజ్‌హబ్‌ల వారు వివరాలు తమ ఉలమాలను అడగవచ్చు. పనిముట్టు ఇవ్వడం పుణ్యకార్యమైతే, దాన్ని వాడేవాని కళ్ళు, వేళ్ళు నిలిచేలా ఇవ్వడం ఆ పుణ్యంలో భాగమే. ఇంటికి సంపాదించేవాని చేయి పోతే, నిన్న మనం నిలబెట్టిన కుటుంబం రేపు మళ్ళీ మన గడప దగ్గరే నిలబడుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులు, కమ్మరులు, తాపీ మేస్త్రీలు, పడవలు చేసేవారితో సహా 18 వృత్తులు ఉన్నాయి. అందులో 5 నుండి 7 రోజుల ప్రాథమిక శిక్షణ ఉంది, టూల్‌కిట్‌కు రూ. 15,000 వరకు సాయం ఉంది. పనిముట్టును శిక్షణతో ముడిపెట్టిన ఈ పద్ధతిని మనం కూడా అనుసరించవచ్చు. అర్హులైన మన యువకులచేత దానికి దరఖాస్తు చేయించడం కూడా సేవే. ఇక మన సొసైటీ తరఫున ఇచ్చే ప్రతి మిషనుకు ఈ పద్ధతి పాటించాలని నా మనవి:

1. మిషను ఒక్కటే కాకుండా ఒక సంచి ఇవ్వాలి. అందులో గార్డు, పక్క పిడి ఉన్న మిషను, సరైన సైజు డిస్కులు, గాగుల్స్, ముఖం షీల్డు, మాస్కులు, చెవి ప్లగ్‌లు, తోలు తొడుగులు, ఒక క్లాంపు, ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు ఉండాలి. మిషను ధరతో పోలిస్తే మిగతావాటి ఖర్చు పెద్దది కాదు.

2. ఇచ్చే ముందు ఒక పూట శిక్షణ పెట్టాలి. మన ఊళ్ళోనే పద్ధతిగా పని చేసే అనుభవజ్ఞుడైన మేస్త్రీని గౌరవంగా పిలిచి, డిస్కు మార్చడం, గార్డు తిప్పడం, నిలబడే తీరు చేయించి చూపించాలి. విన్నవాడు తానే చేసి చూపాకే మిషను చేతికివ్వాలి.

3. 18 ఏళ్ళు నిండనివారికి ఈ మిషన్లు ఇవ్వకూడదు. బడి మానిన పిల్లవాని కోసం ఎవరైనా వస్తే ముందు ఓపెన్ స్కూలు, ఐటీఐ దారి చూపించాలి. ఆ ఫీజు కట్టడానికి దాతలు ముందుకు రావాలి.

4. సభలో మిషను అందజేసేటప్పుడు ఫొటో కోసం గార్డు ఊడిన మిషను ఎత్తి చూపించవద్దు. పుస్తకాల్లో అచ్చయ్యే ఆ ఫొటో చూసి నేర్చుకునేవారు ఉంటారు.

5. పదిహేను రోజుల తర్వాత సొసైటీ సభ్యులు ఒకరు షాపుకు వెళ్ళి చూడాలి. గార్డు ఉందా, గాగుల్స్ గోడకు వేలాడుతున్నాయా ముఖాన ఉన్నాయా, వైరు బాగుందా, డిస్కులు పొడిగా ఉన్నాయా. తప్పు పట్టడానికి పోయినట్టు పోవద్దు, ఎలా ఉన్నావు నాయనా, గిరాకీ బాగుందా అని అడగడానికి పోవాలి. అరిగిన డిస్కులకు, మాస్కులకు ఏడాది పాటు చిన్న మొత్తం పక్కన పెడితే ఇంకా మేలు.

ఆ పేదవాడు తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో పది దిర్హములు ఉన్నాయి, ఆ చేయి కూడా క్షేమంగా ఉంది. మనం ఇచ్చే మిషను అందుకున్న ప్రతి కుర్రవాడూ అలాగే సంపాదనతో, రెండు కళ్ళతో, పది వేళ్ళతో సాయంత్రం ఇంటికి చేరాలి. ఇచ్చిన దాతలకు, కష్టపడే చేతులకు అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.